పద్నాలుగో ఆల్బం

దక్షిణ జార్జియాలో పైన్ తోటల మధ్య ఒక ఇల్లు. ఆగస్టు మధ్యాహ్నం. వెనక వరండాలో ఇద్దరు: టర్పెంటైన్ రోడ్ అనే రాక్ బ్యాండులో పాడే రాయిస్ టిల్లరీ, అతని తమ్ముడు డోయల్ భార్య వైనెల్. డోయల్ అదే బ్యాండులో డ్రమ్ములు వాయిస్తాడు.

"అలసిపోయాడంతే వైనెల్. వయసొచ్చింది కదా."

"నా మొహం చూసి చెప్పు రాయిస్. అలసిపోయిన మనిషి పొద్దున్నే డ్రమ్ములన్నీ ట్రక్కులో వేసుకుని ఇంటికొచ్చేస్తాడా?"

"ఎండ. స్టూడియోగా మార్చిన ఆ గోడౌన్లో ఏసీ కూడా సరిగ్గా..."

"ఏసీ ఎప్పుడుంది మీకు? కొత్తల్లో రేకుల కింద చొక్కాలు విప్పేసి వాయించేవాళ్ళు. వాటిని పిండి ఆరేసింది నేనే. నా దగ్గర ఎండ మాట ఎత్తకు."

"వచ్చాక ఏమన్నా అన్నాడా?"

"ఒక్క ముక్క లేదు. కాఫీ ఇస్తే తాగాడు. తాగి, కప్పు కడిగి బోర్లించాడు. పెళ్ళయ్యాక డోయల్ కప్పు కడగడం నేను చూడలేదు. అప్పుడే అనుకున్నా, ఏదో అయిందని. షెడ్డులోకి పోయి తలుపేసుకున్నాడు. అప్పట్నుంచీ అదిగో, ఆ సుత్తి మోత."

"ఏం కొడుతున్నాడు?"

"పెట్టెలు చేస్తున్నట్టున్నాడు. డ్రమ్ములు సర్దేసి మేకులు కొట్టేయడానికి. కోళ్ళగూటికని నేను తెప్పించుకున్న పలకలు ఎత్తుకుపోయాడు. అవి నావి అంటే వెనక్కి కూడా చూడలేదు. కూర్చో. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలున్నాయి."

"వద్దు. ఆకలి లేదు."

"వేరుశెనక్కాయలకి ఆకలెందుకు? ఆ దోమల్ని తోలుకుంటూ నిలబడితే ఏమొస్తుంది? కూర్చుని చెప్పు. స్టూడియోలో ఏమైంది?"

"ఏం కాలేదు. ప్రెస్టన్‌తో చిన్న పేచీ."

"ప్రెస్టన్ ఎవరు? ఆ రికార్డు కంపెనీ కుర్రాడా?"

"ఆఁ. నాష్‌విల్ నుంచి పంపారు, రికార్డు తయారుచేసి పెట్టమని. మర్యాద తెలిసినవాడే. ప్రతి మాటకీ సర్ అంటాడు. మిస్టర్ రాయిస్ సర్, మిస్టర్ డోయల్ సర్. కుర్చీ లాగి వేస్తాడు, తలుపు తీసి పట్టుకుంటాడు. అన్నీ చేసి, చివరికి తన మాటే చెల్లించుకుంటాడు."

"ఏం చెల్లించుకున్నాడు?"

"మొదటి రోజే మమ్మల్ని విడగొట్టాడు. తలా ఒక అద్దాల గదిలో పెట్టాడు. నేనొక గదిలో, డోయల్ ఒక గదిలో, బేస్ గిటార్‌తో హ్యూబర్ట్ అవతలెక్కడో. ఒకరి మొహం ఒకరికి సగం సగం కనబడుతుంది, చేపల తొట్టెల్లో ఉన్నట్టు. చెవులకి హెడ్‌ఫోన్స్. వాటిలో టక్ టక్ మని మిషను కొడుతూ ఉంటుంది, అందరూ దాని వెంట నడవాలట."

"డోయల్ పెట్టుకున్నాడా హెడ్‌ఫోన్స్?"

"మెడలో వేసుకున్నాడు. టక్ టక్ ఏంటి, నేనున్నాగా అన్నాడు. హ్యూబర్ట్ నవ్వాడు, నేనూ నవ్వాను. పదమూడు రికార్డులకి టక్ టక్ మన్నది మా డోయలే కదా అని ఆ కుర్రాడికి నేనే సర్దిచెప్పాను."

"ఆ గోడౌను నేలేంటి?"

"ఏంటి?"

"నేల. సిమెంటా, చెక్కా?"

"సిమెంటు. వేరుశెనగ బస్తాలు పెట్టిన గోడౌనది, చెక్క ఎందుకుంటుంది? నేలతో నీకేం పని?"

"ఊరికే అడిగా. తర్వాత?"

"తర్వాత ఏముంది. రెండో రోజుకి ప్రెస్టన్ నన్ను పక్కకి పిలిచాడు. డ్రమ్ములు జారుతున్నాయి సర్ అన్నాడు. ఒకచోట ముందుకి, ఒకచోట వెనక్కి. పాట అంటేనే అలా ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది నాయనా అన్నాను. అది ఊపిరి కాదు సర్ అన్నాడు. నేను వినిపించుకోలేదు. మూడో రోజు ఒకటి జరిగింది. అలపాహా నది మీద కొత్త పాట ఉంది చూడు, నది ఎండాకాలం భూమి కిందికి దిగిపోయి అవతల పైకొస్తుందే, ఆ పాట. రెండో చరణంలో నాకు మాట తట్టలేదు. ఆపేశాను. హ్యూబర్ట్ ఆపేశాడు. అందరూ ఆపేశారు. డోయల్ ఆపలేదు."

"కళ్ళు మూసుకున్నాడా?"

"నీకెలా తెలుసు?"

"నువ్వు చెప్పు."

"కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. చరణం అయిపోయింది, పల్లవి కూడా అయిపోయింది. మేం అద్దాల్లోంచి చూస్తూ నిలబడ్డాం. పోజు కొడుతున్నాడనుకున్నా. చివరికి కళ్ళు తెరిచి మా అందర్నీ చూసి, పళ్ళికిలించి, కర్ర గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ప్రెస్టన్ మాత్రం కొట్టలేదు."

"అది మూడో రోజు సంగతి. ఇవాళ పొద్దున ఏమైంది?"

"చెప్తున్నాగా."

"చెప్పట్లేదు. దాని చుట్టూ తిరుగుతున్నావ్."

"నిన్న మేం ఇళ్ళకొచ్చాక ప్రెస్టన్ ఇంకొక డ్రమ్మర్‌ని పిలిపించాడు. నాష్‌విల్ వాడే, చిన్నవాడు. అలపాహా పాటకి డోయల్ వాయించింది తీసేసి, ఆ కుర్రాడి చేత మళ్ళీ వాయించి ఎక్కించాడు. ఇది మాకెవరికీ తెలియదు. పొద్దున అందర్నీ కూర్చోబెట్టి వినిపించాడు. వింటూనే నాకు తెలిసిపోయింది. హ్యూబర్ట్‌కి తెలిసిపోయింది. తప్పంటూ లేదు వైనెల్. గీత గీసినట్టుంది. కానీ అది మా డోయల్ చెయ్యి కాదు. ప్రెస్టన్ తల దించుకుని కూర్చున్నాడు."

"డోయలేం చేశాడు?"

"మోకాలి మీద తాళం వేస్తూ కూర్చున్నాడు. నవ్వు మొహంతో. అయిపోయాక నా వైపు చూసి, బాగా కుదిరింది, ఇదే ఉంచెయ్యండి అన్నాడు."

"అయ్యో."

"ఎత్తిపొడుస్తున్నాడనుకున్నా. ప్రెస్టన్‌ని మొహం మీద కొట్టినట్టు అనాలని అలా అన్నాడేమో అనుకున్నా. కాదు. నిజంగానే అన్నాడు. ఇంకోసారి కూడా అన్నాడు. ఇది నా చేతి వాటమే, ఈ పాటకి ఇంతకంటే బాగా వాయించలేను అన్నాడు. ఆ కొత్త కుర్రాడు కాఫీ కప్పు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. వాడు సిగ్గుతో చచ్చిపోయాడు."

"నువ్వేమన్నావ్?"

"అంటే... నాకు కోపమొచ్చింది."

"రాయిస్. ఏమన్నావ్?"

"డోయల్ ముందుకెళ్ళి నిలబడి, నీ చెయ్యేదో పరాయి చెయ్యేదో తెలియని వెధవకి నా వెనక కూర్చునే పని లేదు, బయటికి పో అన్నాను."

"అందరి ముందూ."

"అందరి ముందూ. చెప్పుకోలేనంత సిగ్గేసింది వైనెల్. నాష్‌విల్ వాళ్ళ ముందు మా ఇంటి పరువు తీశాడనిపించింది. వాడు నా మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు. తిరిగి తిట్టినా బాగుండేది. డ్రమ్ములు విప్పి ఒక్కొక్కటే మోసుకెళ్ళి ట్రక్కులో పెట్టుకున్నాడు. హ్యూబర్ట్ సాయం పోతే చెయ్యి అడ్డం పెట్టాడు."

"చెప్పడం అయిందా?"

"అయింది. ఇక నువ్వు తిట్టు."

"తిడతాను. ముందు ఒకటి అడుగుతా. గత నాలుగైదేళ్ళలో నువ్వు ఫోన్ చేస్తే డోయల్ ఎత్తాడా?"

"నువ్వే ఎత్తుతావు. వాడికి ఫోనంటే చిరాకంటావుగా."

"క్రిస్మస్‌కి మీ ఆవిడ, కాళ్ళనొప్పులెలా ఉన్నాయి డోయల్ అనడిగితే, ఫ్రిజ్‌లో ఉన్నాయి అన్నాడు. గుర్తుందా?"

"అందరం నవ్వాంగా. తాగి ఉన్నాడనుకున్నాం."

"తను తాగడం మానేసి ఎన్నేళ్ళయింది?"

"ఏం చెప్తున్నావు నువ్వు?"

"తనకి వినబడదు రాయిస్."

"తక్కువ వినబడుతుందా? మా అందరికీ తక్కువే. ఆ స్పీకర్ల ముందు బతుకంతా..."

"తక్కువ కాదు. వినబడదు. ఎడమ చెవి ముందే పోయింది. కుడిది కొన్నాళ్ళు లాక్కొచ్చింది, తర్వాత అదీ పోయింది. ఆరేళ్ళవుతోంది. ఉరుము ఉరిమితే గుండెలకి తెలుస్తుందంటాడు. అంతే. నేను పిలిస్తే వినబడదు. నేను ఏడ్చినా వినబడదు. వంటింట్లోంచి పిలవాలంటే లైటు ఆర్పి వెలిగిస్తాను."

"ఆరేళ్ళు."

"ఆఁ."

"ఆరేళ్ళుగా మేం ఊళ్ళు తిరుగుతున్నాం. ఎన్ని వేదికలు. నా వెనక కూర్చుని వాయిస్తూనే ఉన్నాడు. వినబడనివాడు ఎలా వాయిస్తాడు?"

"నీ కుడి మడమ చూసి. నువ్వు పాడేటప్పుడు ఆ మడమ నేలకి కొడతావు. నువ్వు ఊపిరి పీల్చినప్పుడు నీ భుజం లేస్తుంది. అది చూస్తాడు. హ్యూబర్ట్ బేస్ వాయిస్తే వేదిక చెక్కలు అదురుతాయి, ఆ అదురు స్టూలు లోంచి వెన్నులోకి వస్తుంది. దాన్ని పట్టుకుంటాడు. పాత పాటలకైతే అది కూడా అక్కర్లేదు, ఒంట్లోనే ఉన్నాయి. అలాంటి మనిషిని తీసుకెళ్ళి అద్దాల గదిలో సిమెంటు మీద కూర్చోబెట్టారు. నీ మడమ కనబడదు. కాళ్ళ కింద నేల చచ్చి పడి ఉంటుంది. ఇంక జారక ఏం చేస్తాడు?"

"నువ్వు నాతో చెప్పాల్సింది."

"ఒట్టు వేయించుకున్నాడు."

"నేను వాడి అన్నని. నాకు చెప్పకుండా..."

"నీకు చెప్పొద్దనే ఒట్టు వేయించుకుంది. మిగతా ఊరంతటికీ చెప్పుకున్నా పట్టించుకునేవాడు కాదు. రాయిస్‌కి తెలిస్తే బ్యాండు ఆపేస్తాడు, ఇంకొకణ్ణి పెట్టుకుని పాడే రకం కాదు, నా చెవుల కోసం వాడి నోరు మూయించలేను అన్నాడు."

"మిషన్లొచ్చాయి కదా చెవులకి."

"కొన్నాం. అవి పెట్టుకుని డ్రమ్ము మీద కొడితే తలలో రేకులు విరిగిపడ్డట్టుంటుందట. సొరుగులో పడి ఉన్నాయి. నాకు మాత్రం కష్టంగా లేదనుకున్నావా? స్కూలు బస్సు నడుపుతానే, పొద్దున్నుంచీ అరవై మంది పిల్లల గోల. ఇంటికొస్తే నిశ్శబ్దం. టీవీ వాల్యూమ్ లేకుండా చూస్తాం. కానీ తను వేదిక మీద కూర్చుంటే మాత్రం నాకు ఏ లోటూ కనబడదు. అందుకే ఒట్టు నిలబెట్టాను. ఇవాళ తెంచాను. తెంచినందుకు బాధ లేదు."

"వెధవ అన్నాను వాణ్ణి."

"అన్నావు."

"పరాయి చెయ్యి తెలియని వెధవ అన్నాను."

"అన్న మాట తర్వాత కడుక్కుందువుగాని. ఇప్పుడేం చేస్తావు?"

"ఉండు. ఫోను. వాడే, ప్రెస్టన్."

"ఎత్తు. బయటికి వినబడేలా పెట్టు. నేనూ వింటాను."

"చెప్పు ప్రెస్టన్."

"మిస్టర్ రాయిస్, సర్, ఇబ్బంది పెడుతున్నాను. సాయంత్రంలోగా మీ మాట కావాలి. కొత్త డ్రమ్మర్‌ని ఆపి ఉంచాను. మిగతా పాటలు కూడా అతనితోనే కానిచ్చేస్తే కంపెనీకి అభ్యంతరం ఉండదు. కవరు మీద మిస్టర్ డోయల్ ఫోటో ఉంటుంది సర్, పేరు కూడా ఉంటుంది. అందులో ఏ తేడా రాదు."

"ఆ కుర్రాణ్ణి ఇంటికి పంపెయ్."

"సర్?"

"మంచివాడిలాగే ఉన్నాడు. భోజనం పెట్టి పంపెయ్. రేపట్నుంచి అద్దాల గదులు లేవు. హెడ్‌ఫోన్స్ లేవు. టక్ టక్ లేదు. అందరం ఒకే గదిలో, ఒకరికొకరు ఎదురుగా నిలబడి, ఒకేసారి వాయిస్తాం. నా మడమ నా తమ్ముడికి కనబడాలి."

"మడమ... సర్, గోడౌన్లో అంత పెద్ద గది..."

"గోడౌను కాదు. వాడి షెడ్డు ఉంది. ట్రాక్టరు పెట్టుకునేది. ట్రాక్టరు బయటికి తోలేస్తాం."

"రేకుల షెడ్డులోనా సర్? వాన పడితే?"

"వానని కూడా ఎక్కించుకో."

"పక్కింటి కుక్కలు మొరిగితే?"

"మొరగనీ. ఈ చుట్టుపక్కల కుక్కలన్నీ మా పాటలు వింటూ పెరిగినవే."

"కంపెనీ ఒప్పుకోదు సర్. నేను బతిమాలినా ఒప్పుకోదు."

"ఒప్పుకోకపోతే మానేయమను. పదకొండేళ్ళ తర్వాత వాళ్ళే వచ్చి రికార్డు చేయమన్నారు, నేను వాళ్ళ గడప తొక్కలేదు. మా నాన్న ఈ అడవుల్లో పైన్ చెట్లకి గాట్లు పెట్టి జిగురు తీసి మమ్మల్ని పెంచాడు. మాకు ఆ కంపెనీ లేనప్పుడు కూడా బతకడం వచ్చు."

"సర్, ఇంకొక సంగతి ఉంది. ఇది మీకు చెప్పకూడదనే అనుకున్నాను."

"చెప్పు."

"ఒకే గదిలో అయితే ఒకరి మైకులోకి ఇంకొకరి శబ్దం వచ్చి పడుతుంది. అంతా కలిసిపోతుంది. తర్వాత నేను దేన్నీ విడిగా తీసి బాగుచేయలేను."

"బాగుచేయమని నిన్నెవరడిగారు? డోయల్ ఎలా వాయిస్తే అలాగే ఉండనీ."

"డ్రమ్ముల సంగతి కాదు సర్. మీ గొంతు. మొదటి రోజు నుంచీ, మీరు ఇంటికెళ్ళాక ఒక్కో మాటా తీసుకుని శ్రుతిలోకి జరుపుతున్నాను. పై స్థాయి అందని చోట మిషనుతో పైకి లాగుతున్నాను. గాలి వచ్చిన చోట పాత రికార్డుల్లోంచి మీ గొంతే కొద్దికొద్దిగా కలుపుతున్నాను. పొద్దున మీకు వినిపించేది అదే. మీరు విని, ఇంకా తుప్పు పట్టలేదు చూశావా అన్నారు. నేను ఏమీ అనలేకపోయాను సర్. మా నాన్న మీ పాటలు పెట్టుకుని నన్ను పెంచాడు. ఆ గొంతు అలాగే ఉండాలనుకున్నాను. అంతే. మిమ్మల్ని చిన్నబుచ్చాలని కాదు."

"తర్వాత ఫోన్ చేస్తాను నాయనా."

"సర్..."

"చేస్తానన్నాగా. పెట్టెయ్."

"కూర్చో రాయిస్. ఈ ఐసు టీ తాగు. తాగు ముందు."

"నువ్వు విన్నావుగా."

"విన్నాను."

"పొద్దున వాణ్ణి నిలబెట్టి తిట్టాను, నీ చెయ్యి నీకు తెలియదా అని. వాడికి చెవులు లేవు. నాకున్నాయి. రెండూ శుభ్రంగా ఉన్నాయి. నా గొంతు నాది కాదని నాకు తెలియలేదు. ఈస్టర్ రోజు చర్చిలో పాడాను. నువ్వు రెండో వరసలో ఉన్నావు. నిజం చెప్పు. ఎలా ఉంది?"

"ఆ రోజు నీకు జలుబు కదా."

"జలుబు లేదు."

"నీకు డెబ్భై ఒకటి. సిగరెట్లు మానేసింది నిన్నగాక మొన్న."

"వైనెల్. నేను అంతా చెప్పానుగా నీకు. దాచకుండా చెప్పాను. నువ్వూ చెప్పు."

"పోయింది రాయిస్. పైకి పోయేది పోయింది. కింద ఉంది గానీ అది కూడా గరుకైంది. పాట చివర గాలే వచ్చింది. వెనక వరసలో ముసలమ్మ ఫేయ్ కళ్ళు తుడుచుకుంటే, పాటకి కరిగిపోయిందనుకున్నావు నువ్వు. పాటకి కాదు."

"ఎవరూ చెప్పలేదే నాకు."

"ఎవరు చెబుతారు? మీ ఆవిడ చెబుతుందా? హ్యూబర్ట్ చెబుతాడా? ఊళ్ళోకి వస్తే పెట్రోలు బంకు వాడు కూడా నీ పాట పెడతాడు, ముప్ఫై ఏళ్ళ కిందటిది. నువ్వు దాన్ని వింటూ ఇంటికి పోతావు."

"మరి కచేరీల్లో?"

"కచేరీల్లో పై స్థాయి వచ్చేసరికి జనమే పాడతారు. నువ్వు మైకు వాళ్ళ వైపు తిప్పుతావు. పోజు కొడుతున్నావనుకుంటారు వాళ్ళు. ఒక మాట చెప్పనా? నీకు అద్దాల గదులే మంచివి. నీ పేరు నిలబడుతుంది. డోయల్ సంగతి నాకొదిలెయ్, నేను సర్దిచెబుతాను. వాయించాల్సింది వాయించేశాడు. ఇంట్లో కూర్చుని కోళ్ళని చూసుకుంటాడు."

"నువ్వు మనస్ఫూర్తిగానే అంటున్నావా ఇది?"

"లేదు. కానీ నీకు తప్పుకునే దారి చూపించాలి కదా. చూపించకుండా నిన్ను రొచ్చులోకి లాగితే అది న్యాయం కాదు."

"చూపించావు. చూశాను. ఫోను ఇటివ్వు."

"ఏం చెప్పబోతున్నావ్?"

"ప్రెస్టన్? నేనే. మైకులు తీసుకుని రేపు పొద్దున ఇక్కడికి రా. అవును, షెడ్డుకే... విన్నాను, నువ్వు చెప్పింది మొత్తం విన్నాను. ఆ లాగినవీ కలిపినవీ అన్నీ తీసిపారెయ్. అలపాహా పాట కూడా మొదటి నుంచి మళ్ళీ పాడతాను... నవ్వితే నవ్వనీ. డెబ్భై ఏళ్ళ గొంతు డెబ్భై ఏళ్ళ గొంతులాగే ఉంటుంది. పాతికేళ్ళ గొంతు కావాలన్నవాళ్ళకి పాత రికార్డులున్నాయి, అవి పెట్టుకోమను... లేదు నాయనా, నీ మీద కోపం లేదు. మీ నాన్నని కూడా తీసుకురా కావాలంటే. ఏం మిగిలిందో దగ్గర కూర్చుని వింటాడు... కంపెనీకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? నేను చెబితే వాళ్ళకి బాగుండదు... సరే. నువ్వే చెప్పు."

"ఏమంటాడు?"

"ఏమంటాడు, సర్ అన్నాడు. పాత మైకులు నాలుగున్నాయట, సొంతవి, అవి తెస్తానన్నాడు. కంపెనీ తనని బయటికి గెంటితే పని ఇప్పించమన్నాడు. నీ కోళ్ళగూడు కట్టే పని ఉందని చెప్పాల్సింది."

"గూటికి పలకలేవి, డోయల్ తగలేశాక."

"సుత్తి ఆగింది."

"ఆఁ, వస్తున్నాడు. తనకి ఎదురుగా నిలబడు. మొహం మీద ఎండ పడేలా నిలబడు. నెమ్మదిగా మాట్లాడు, అలా అని అరవకు. అరిస్తే పెదాలు వంకరపోతాయి, అర్థం కాదు."

"వైనెల్, ఆ పెద్ద మేకుల డబ్బా ఎక్కడ పెట్టావ్? ఏంటి, వీడెప్పుడొచ్చాడు?"

"డోయల్, నేను నీతో..."

"నాకు తర్వాత చెబుదువుగాని. వచ్చావు కదా, ఈ పలక ఆ చివర పట్టుకో. ఒక్కణ్ణే తిప్పలేకపోతున్నాను."

"ఇవేంటి? పెట్టెలు కావా?"

"ఇటు తిరిగి అను."

"పెట్టెలు కావా ఇవి?"

"పెట్టెలెందుకు? నేల. ఆ గోడౌన్లో సిమెంటు, కాళ్ళకి ఏదీ పట్టదు. ఈ చెక్క నేల తీసుకెళ్ళి అక్కడ పరుస్తాను. ఒక చివర నా స్టూలు, ఇంకో చివర హ్యూబర్ట్ స్పీకరు. ఆ అద్దాల కుర్రాడు ఏడిస్తే ఏడవనీ. పాత డ్రమ్ములు కూడా సిమెంటు మీద బాగా లేవు, అందుకే తెచ్చేశా. కొత్త తోలు బిగించాలి."

"నేను పొద్దున నిన్ను పొమ్మన్నాను."

"చూశాను. పొమ్మన్నావు. అంతకు ముందు ఏదో పెద్దదే అన్నావు, అది నీ మీసాల్లో పోయింది. ఆ మీసాలు తీసెయ్ బాబూ, సగం మాటలు అవే మింగేస్తున్నాయి."

"అయితే వెళ్ళిపోలేదా నువ్వు? మానేయలేదా?"

"నువ్వు పొమ్మంటే పోతానా? నాన్న ఇంట్లోంచి గెంటితేనే రాత్రికి తిరిగొచ్చి అన్నం తిన్నాను. అదలా ఉంచు. వైనెల్ కళ్ళెందుకు అలా ఉన్నాయి? చెప్పేసిందా?"

"చెప్పేసింది."

"మంచిదే. నేనే చెబుదామనుకుంటున్నా ఆరేళ్ళుగా. మరి? బ్యాండు ఆపేస్తావా?"

"ఆపను. పొద్దున అన్న మాటకి నన్ను నాలుగు తన్నినా సరే, ఆపను. ఈ నేల ఎక్కడికీ మోయక్కర్లేదు. ఇక్కడే పరుద్దాం. ప్రెస్టన్ మైకులు తెస్తున్నాడు. అందరం ఈ షెడ్డులోనే, ఒకేసారి వాయిస్తాం. నేను నీ ఎదురుగా నిలబడతాను."

"మడమ కనబడేలా."

"మడమ కనబడేలా. ఒకటే చిక్కు. ఇలా చేస్తే నా గొంతుని బాగుచేయడం కుదరదట. ఎలా ఉందో అలాగే పోతుంది రికార్డులోకి. అది నీకు ముందే చెప్పాలి కదా."

"మళ్ళీ చెప్పు. కుదరదన్నది అర్థమైంది. ఏం బాగుచేయడం?"

"నా గొంతు. గొంతు, డోయల్."

"బాగుచేయడమేంటి? నీ గొంతుకేమైంది, అన్నా?"